ఆరు టన్నుల వడ్లు, బ్రేకు మాత్రం ట్రాక్టర్‌కే

సంపాదకుల వారికి నమస్కారం.

నేను మిర్యాలగూడలో ఉంటాను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ భాగం బ్రేకుల పనే. ఈ ఉత్తరం మా వైపు మిల్లులకు పోయే వడ్ల ట్రాలీల గురించి, కానీ మొదలుపెట్టేది అమెరికాలో మా అబ్బాయి కారు దగ్గర, ఎందుకంటే నాకు ఈ సంగతి బుర్రకెక్కింది అక్కడే. ఇన్నేళ్లు బ్రేకులు విప్పి బిగించినవాడికి రోజూ ఇంటి ముందు నుంచి పోయే ట్రాలీ కంట్లో పడలేదంటే సిగ్గుగానే ఉంది, అయినా చెప్తున్నాను.

మొన్న ఎండాకాలం నేనూ మా ఇంటావిడా డాలస్‌లో అబ్బాయి దగ్గర నాలుగు నెలలున్నాం. వాడికి ఏడు సీట్ల ఎస్‌యూవీ ఉంది, పిల్లల బడికి, గుడికి, కూరగాయలకు అన్నిటికీ అదే బండి. సెలవుల్లో తిరగడానికని ఒక పాత క్యాంపర్ కొన్నాడు. క్యాంపర్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు, లోపల మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉంటాయి, కారు వెనక తగిలించుకుని లాక్కుపోవడమే. బరువు 3,400 పౌండ్లు, మన లెక్కలో 1,540 కిలోలు. అమ్మినాయన ఇంటి నుంచి తెచ్చేటప్పుడు నేను పక్క సీట్లో ఉన్నాను. సిగ్నల్ దగ్గర వాడు బ్రేకు తొక్కితే కారు ఆగాల్సిన చోట ఆగలేదు, వెనక నుంచి ఎవరో పట్టుకుని నెట్టినట్టు ఇంకో బండి పొడవు ముందుకు పోయి ఆగింది. వాడి ముఖంలో రంగు మారింది.

"నాయినా, పోయిన నెలనే ప్యాడ్లు మార్పించిన, బ్రేకులు కొత్తయే" అన్నాడు.

"నీ బండికి కొత్తయే, దానికేవి మరి?" అన్నాను వెనక్కి చూపించి.

నిజానికి దానికీ ఉన్నాయి. ఇంటికి తెచ్చి చక్రం విప్పి చూస్తే లోపల డ్రమ్ములు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు, వాటిని లోపలి నుంచి ఒత్తి ఆపే షూలు, మన పాత బస్సుల్లో ఉన్నట్టే. కాకపోతే షూలను ఒత్తేది గాలీ కాదు, ఆయిలూ కాదు, కరెంటు. ఒక్కో డ్రమ్ములో ఒక అయస్కాంతం ఉంటుంది. కరెంటు పారగానే అది తిరుగుతున్న డ్రమ్ముకు అతుక్కుంటుంది, డ్రమ్ము దాన్ని తనతో లాగుతుంది, ఆ లాగుడుకు దానికున్న చెయ్యి కదిలి షూలను డ్రమ్ముకు ఒత్తుతుంది. చక్రం తిరిగే బలాన్నే చక్రాన్ని ఆపడానికి వాడుకోవడం అన్నమాట, చూసి నాకు ముచ్చటేసింది. ఎంత కరెంటు పంపాలో తేల్చేది మాత్రం కారులో డ్రైవర్ దగ్గర పెట్టే అరచేతిలో పట్టేంత డబ్బా, దాన్నే బ్రేక్ కంట్రోలర్ అంటారు. మా వాడి కారులో లేనిది అదే. అది లేకపోతే వెనక ఉన్న బ్రేకులు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

టెక్సాస్ చట్టం ప్రకారం ట్రైలర్ బరువు 4,500 పౌండ్లు దాటితేనే బ్రేకు తప్పనిసరి, కాబట్టి పోలీసులు ఆపరు. చాలా రాష్ట్రాల్లో 3,000 దాటితేనే కావాలి. కానీ మా వాడి కారుతో వచ్చిన పుస్తకంలో వెయ్యి పౌండ్లు దాటితే ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉండాలని రాసి ఉంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన బండి ఒప్పుకోదు కదా.

ఒక శనివారం ఇద్దరం కూర్చుని బిగించాం. నాలుగే వైర్లు. నల్లది బ్యాటరీ ప్లస్‌కు, మధ్యలో 20 ఆంపియర్ల బ్రేకర్ పెట్టి. తెల్లది మైనస్‌కు. ఎర్రది బ్రేకు పెడల్ పైన ఉండే స్టాప్ లైటు స్విచ్చికి. నీలంది బండి కింద నుంచి వెనక బంపర్ దాకా, అక్కడ ఏడు పిన్నుల సాకెట్ ఉంటుంది, క్యాంపర్ లైట్లూ బ్రేకులూ అన్నీ దాంట్లోంచే. వినడానికి ఇంతే, చెయ్యడానికి పొద్దున్నుంచి సాయంత్రం అయింది. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వైరు తేవడానికి మా వాడు డ్రిల్లు తీస్తే వద్దన్నాను, ఉన్న రబ్బరు మూతలోంచే దూర్చాం, రేకు అంచుకు వైరు ఒరుసుకుంటే ఏదో ఒకనాడు మంటే. డబ్బా బిగించేటప్పుడు మోకాళ్ల దగ్గర ఎయిర్ బ్యాగు ఎక్కడుందో చూసుకుని దానికి దూరంగా పెట్టాం.

ఎర్ర వైరు దగ్గర వాడు తప్పు చేశాడు. స్టాప్ లైటు స్విచ్చికి రెండు వైపులుంటాయి, ఒక వైపు ఎప్పుడూ కరెంటు ఉంటుంది, రెండో వైపు పెడల్ తొక్కినప్పుడే వస్తుంది. వాడు మొదటి వైపు కలిపాడు. అట్లా కలిపితే మనం ఎప్పుడూ బ్రేకు తొక్కే ఉన్నామని డబ్బా అనుకుంటుంది. నేను కరెంటు ఉందో లేదో చూపే టెస్టు ల్యాంపు పెట్టి చూపిస్తే "ఈ ల్యాంపు ఎక్కడిది నాయినా" అన్నాడు. నా సూట్‌కేసులోదే. మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి "గింత దూరం వొచ్చి గూడ బండి కిందనే పండుకున్నవా" అని నవ్వింది, ఆ ల్యాంపు సర్దింది మాత్రం తనే.

తర్వాత ఖాళీగా ఉన్న ఒక పెద్ద పార్కింగ్‌కు పోయి సెట్ చేశాం. గంటకు 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్ల వేగంలో పోతూ బ్రేకు తొక్కాలి, క్యాంపర్ చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోయేదాకా డబ్బా మీద అంకె పెంచాలి, ఈడ్చుకుపోతే కొంచెం తగ్గించాలి. మూడో సారికే కుదిరింది. ఈ డబ్బాల్లో రెండు రకాలున్నాయి. చవక రకం మనం మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా ముందే పెట్టిన లెక్కలో కరెంటు పెంచుకుంటూ పోతుంది. మా వాడు కొన్నది రెండో రకం, కారు ఎంత జోరుగా నెమ్మదిస్తున్నదో లోపలున్న సెన్సర్ కనిపెట్టి వెనక కూడా అంతే బ్రేకు వేస్తుంది. దానికో చిన్న మీట కూడా ఉంది, క్యాంపర్ గాలికి అటూ ఇటూ ఊగితే కారు బ్రేకు ముట్టుకోకుండా మీటతో ఒక్క క్యాంపర్‌కే బ్రేకు వేస్తే అది సాపుగా వస్తుంది. అన్నీ కలిపి రెండు వందల డాలర్లలోపే అయింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒక సన్నటి ఇనుప తీగ. క్యాంపర్ ముందు చిన్న బ్యాటరీ, ఒక స్విచ్చి ఉంటాయి, ఆ స్విచ్చి పిన్నుకు తీగ కట్టి రెండో కొస కారుకు తగిలిస్తారు. హుక్కు ఊడి క్యాంపర్ విడిపోతే తీగ పిన్నును లాగేస్తుంది, బ్యాటరీ కరెంటుతో బ్రేకులు పూర్తిగా పట్టేసి అది ఉన్నచోటే నిలబడుతుంది. మన బస్సుల్లో కూడా గాలి పోతే స్ప్రింగు బ్రేకు పట్టి బండి ఆగిపోవాలి గానీ పరుగెత్తకూడదు, అదే సూత్రం. మన దగ్గర ట్రాలీ పిన్ను ఊడితే ఏముంది, దేవుడే.

ఇక మన ఊరి సంగతి. తిరిగొచ్చింది సరిగ్గా వానాకాలం కోతలప్పుడు. సాగర్ ఎడమ కాలువ కింద సన్న వడ్లు కోసినవి కోసినట్టే పచ్చివే మిల్లుకు తోలుతారు, ఆరబెట్టే తీరిక ఎవరికీ ఉండదు, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించొద్దంటారు, ఆ వడ్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది, నీళ్ల బరువు కూడా ట్రాలీయే మోయాలి. మా చెల్లెలి కొడుకు ట్రాక్టర్ మీద నేనూ కూర్చున్నాను, ట్రాలీలో తక్కువలో తక్కువ ఆరు టన్నులుంటుంది. ట్రాక్టర్ బరువు రెండు టన్నులు. కాలువ కట్ట దిగుతుంటే ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. వాడు తొక్కాడు. డాలస్‌లో సిగ్నల్ దగ్గర తగిలిన నెట్టుడే తగిలింది, కాకపోతే దానికి నాలుగింతలు. ట్రాలీ ట్రాక్టర్‌ను తోస్తూ పక్కకు తిరిగింది, ట్రాక్టర్ రోడ్డుకు అడ్డం తిరిగి కాలువ లేని వైపు పొలంలోకి దిగి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. సగం వడ్లు రోడ్డు మీద. ఆటోలో నలుగురు ఆడవాళ్లున్నారు, వాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

దిగి చూస్తే తేలింది. ట్రాక్టర్‌కు బ్రేకులుండేది వెనక రెండు చక్రాలకే, పొలంలో మలుపు తిప్పడానికి వీలుగా ఎడమకొకటి కుడికొకటి పెడల్ ఇస్తారు. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ లాక్‌తో కలపాలి. మావాడి లాక్ తుప్పుపట్టి ఉంది, ఎన్నాళ్లయిందో వేసి. కంగారులో ఒక పెడల్ మీదే కాలు ఎక్కువ పడింది. దాని మీద ఆరు టన్నుల తోపు. పైగా డీజిల్ మిగులుతుందని వాలులో న్యూట్రల్ కొట్టి దింపే అలవాటు వీళ్లందరికీ ఉంది, ఆ రోజు గేరులో ఉన్నాడు కాబట్టి బతికాం. ఇంకోటి కూడా ఆలోచించండి, వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు.

2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర, జూన్‌లో వేములకొండ దగ్గర, కూలీలతో పోతున్న ట్రాలీలు కాలువల్లో పడి ఎందరు ఆడవాళ్లు పోయారో మీ పత్రికే రాసింది. వాటికి బ్రేకులే కారణమని నేననడం లేదు. ఇరుకు కాలువ కట్టల మీద బ్రేకు లేని ట్రాలీలో మనుషుల్ని ఎక్కించి ఇంకా తోలుతూనే ఉన్నాం, అది మాత్రం అంటున్నాను.

ట్రాలీలు చేసే షెడ్డుకు పోయి అడిగాను. ఆయన మంచివాడే, ఉన్నమాట చెప్పాడు. "బ్రేకు ఎవరడుగుతున్నరు సార్, తొట్టి ఎంత పెద్దది, జాకీ ఎంత లేస్తది, వెనక పేరు ఎట్ల రాస్తవు, గివే అడుగుతరు." అక్కడ నేను చూసిన రెండు ఇరుసులు పాత లారీలవి, డ్రమ్ములు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, షూలు మాత్రం తీసి పాత ఇనుములో వేశారట. బ్రేకు డ్రమ్ము పెట్టుకుని బ్రేకు లేకుండా తిరగడం అంటే నాకు నోట మాట రాలేదు. వెనక మాత్రం దేవుడి పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, పూలు, లతలు. రేడియం స్టిక్కర్ ముక్క లేదు, రాత్రి బైకు మీద వచ్చేవాడికి ఆ లతలు ఎట్లా కనపడతాయి?

అమెరికా కంట్రోలర్లు తెచ్చి ట్రాక్టర్లకు పెట్టమని నేను చెప్పడం లేదు, దుమ్ములో బురదలో ఆ కరెంటు సామాను నిలబడదు. అక్కడే పడవల ట్రైలర్లకు వేరే రకం వాడతారు. ముందు బండి నెమ్మదించగానే ట్రైలర్ వచ్చి హుక్కును తోస్తుంది కదా, ఆ తోపుకే అక్కడున్న మాస్టర్ సిలిండర్ నొక్కుకుని చక్రాల్లోకి ఆయిల్ పోయి బ్రేకు పడుతుంది. కరెంటు లేదు, డబ్బా లేదు. బరువు మరీ ఎక్కువైతే ట్రాక్టర్ నుంచే హైడ్రాలిక్ పైపు వెయ్యాలి, కొన్ని ట్రాక్టర్లకు ఆ ఏర్పాటు ఉంటుంది. షెడ్డాయన లెక్కేసి ముప్పై వేల దాకా అవుతుందన్నాడు. రైతుకు అది చిన్న డబ్బు కాదని నాకూ తెలుసు, అందుకే ఒక్క రైతు మీదే వెయ్యొద్దంటున్నాను. రద్దీ సీజన్‌లో మా దగ్గర మిల్లులకు టోకెన్ల పద్ధతి కొత్త కాదు. బ్రేకున్న ట్రాలీకి ముందు టోకెన్ ఇవ్వండి, రెండు సీజన్లలో సగం ట్రాలీలకు బ్రేకులు వచ్చేస్తాయి, లైన్లో రాత్రంతా పడుకునే బాధ ముందు ముప్పై వేలు ఎంత. రవాణా శాఖ వాళ్లు కూడా కోతలకు నెల ముందు మండలానికో రోజు పెట్టి పెడల్ లాకులు, రేడియం స్టిక్కర్లు చూస్తే చాలు, ఆ రెంటికీ పైసా ఖర్చు లేనట్టే.

మావాడి ట్రాలీ ఇప్పుడు షెడ్డులో జాకీల మీద ఉంది. షూలు కొత్తవి వేశాం, పాత జీపు మాస్టర్ సిలిండర్ ఒకటి దొరికింది, హుక్కు దగ్గర అది ముందుకూ వెనక్కూ జరిగే స్లైడు రెండుసార్లు చేసినా రివర్సులో పట్టేస్తున్నది. వెనక్కి తోసేటప్పుడు కూడా బ్రేకు పడితే మిల్లు దగ్గర దింపేదెట్లా? నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు ఎవరైనా ఇట్లాంటిది చేయించి ఉంటే రివర్సుకు లాక్ ఎట్లా పెట్టారో మీ పత్రికకు రాయమని కోరుతున్నాను. యాసంగి వడ్లు వచ్చేలోపు దీన్ని రోడ్డెక్కించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్,
మిర్యాలగూడ