పచ్చి కంపైలర్‌కి పండిన నంబరా?

సంపాదకులకు,

ఇంకా విడుదల కాని కంపైలర్‌ని (రాసిన ప్రోగ్రామును యంత్రం నడిపే రూపంలోకి మార్చే సాధనం) లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో (లినక్స్‌తో పాటు ప్రోగ్రాములు కలిపి ఇచ్చే కట్ట) పెట్టి ఇవ్వొచ్చా అన్న తగువు వచ్చినప్పుడల్లా రెడ్ హ్యాట్ లినక్స్ 7 పేరు బయటికొస్తుంది. అందరూ అందులోని బగ్గుల గురించే మాట్లాడతారు. అసలు దెబ్బ తగిలింది బగ్గుల వల్ల కాదు.

2000 సెప్టెంబర్‌లో వచ్చిన ఆ డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్నది జీసీసీ అనే కంపైలర్ 2.96 వెర్షన్. జీసీసీ ప్రాజెక్టు ఆ నంబరుతో ఎన్నడూ విడుదల చేయలేదు. అప్పటికి అధికారికంగా ఉన్నది 2.95.2. తర్వాతి పెద్ద విడుదల 3.0, అదీ 2001 జూన్‌లో. మధ్యలో రెడ్ హ్యాట్ వాళ్లు డెవలప్‌మెంట్ బ్రాంచి (ఇంకా తయారవుతున్న కోడు) నుంచి తీసుకుని, ప్యాచ్‌లు (సవరణలు) వేసి ఇచ్చేశారు. 'ఇది మా విడుదల కాదు' అని జీసీసీ స్టీరింగ్ కమిటీ అక్టోబర్‌లోనే ప్రకటించుకోవాల్సి వచ్చింది.

సీ ప్రోగ్రాములకు పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా సీ ప్లస్ ప్లస్‌తో. 2.96తో కట్టిన ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలర్ తయారుచేసే ముక్కలు) వెనకటి 2.95తోనూ కలవవు, రాబోయే 3.0తోనూ కలవవు. కలవకపోవడమంటే ఏమిటో 2.95, 3.0ల మధ్య చూడండి. ఒక పూర్ణాంకం తీసుకునే 'ఫూ' ఫంక్షన్ ఉందనుకుందాం. 2.95 దాన్ని ఆబ్జెక్ట్ ఫైల్లో 'ఫూ', రెండు అండర్‌స్కోర్లు, ఎఫ్, ఐ అని రాస్తుంది. 3.0 మాత్రం అండర్‌స్కోర్, జెడ్, 3, 'ఫూ', ఐ అని రాస్తుంది (ఆ 3 ఇంగ్లిష్‌లో పేరుకున్న అక్షరాల లెక్క). ఆ ఫైళ్లను కలిపే లింకర్‌కి ఇవి రెండూ వేరు. 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని అక్కడే ఆగిపోతుంది. ఆగితే ఇంకా నయం. పేర్లు కలిసి, క్లాసు లోపలి అమరికో వర్చువల్ టేబులో (ఏ ఫంక్షన్‌ని పిలవాలో చెప్పే పట్టిక) తేడాగా ఉంటే లింకు సాఫీగా అయిపోతుంది. ప్రోగ్రామేమో నడుస్తూ నడుస్తూ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని ముట్టుకున్న తప్పు) కూలుతుంది. ప్రోగ్రామరు తన కోడంతా తవ్వి చూసుకుంటాడు, అక్కడ తప్పేమీ దొరకదు.

టెక్స్ట్ ఎడిటర్ బాగా లేకపోతే తీసేస్తే పీడ పోతుంది. కంపైలర్‌ని తీసేసినా అది కట్టిన బైనరీలు (నడిచే ప్రోగ్రాము ఫైళ్లు) మిగిలే ఉంటాయి.

ఆ డిస్ట్రిబ్యూషన్‌లోనే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) కంపైల్ చేయడానికి 'కేజీసీసీ' అని పాత ఈజీసీఎస్ 1.1.2 కంపైలర్‌ని విడిగా ఇచ్చారు. తన కెర్నెల్‌కే పనికిరానిదాన్ని 'జీసీసీ' అన్న అసలు పేరుతో పెట్టడమేమిటో! అయితే తప్పంతా కంపైలర్‌ది కూడా కాదు. పాత కంపైలర్ చూసీ చూడనట్టు వదిలేసిన ప్రమాణ విరుద్ధమైన సీ ప్లస్ ప్లస్ కోడును 2.96 పట్టుకుంది. అలాంటి ఫిర్యాదుల్లో సరిదిద్దుకోవాల్సింది ఆ ప్రోగ్రాములు రాసినవారే.

విడుదలకు ముందటి కంపైలర్ ఇవ్వడం ఇప్పటికీ ఉంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 40 డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్నది జీసీసీ 14.0.1. అధికారిక 14.1 మేలో వచ్చింది. దీన్ని తప్పు పట్టలేం. జీసీసీ 5 నుంచి డెవలప్‌మెంట్ దశకు చివర 0.0, విడుదల ముందటి దశకు 0.1, విడుదలకు 1.0 అని లెక్క ఉంది కాబట్టి నంబరు చూస్తేనే సరుకు పచ్చిదో పండిందో తెలుస్తుంది. పైగా ఫెడోరా వాళ్లు నెలల ముందే ఆ కంపైలర్‌తో ప్యాకేజీలన్నీ మళ్లీ కడతారు, అప్పుడు బయటపడిన బగ్గులు జీసీసీ వాళ్లకు విడుదలకు ముందే చేరతాయి. డెబియన్ అనే డిస్ట్రిబ్యూషన్‌ది మరో దారి. 'జీసీసీ స్నాప్‌షాట్' (తయారవుతున్న కోడుకు ఒక రోజు నకలు) ప్యాకేజీ తన సొంత డైరెక్టరీలో కూర్చుంటుంది, పాత్‌లోకి (ఆదేశాలు వెతికే డైరెక్టరీల జాబితా) రాదు. కావాలన్నవాళ్లే పిలుచుకుంటారు.

చిన్న డిస్ట్రిబ్యూషన్లు కట్టేవారు కనీసం ఈ డెబియన్ పద్ధతైనా పాటించాలి. స్నాప్‌షాట్‌ని వేరే ప్రిఫిక్స్‌లో (ఇన్‌స్టాల్ అయ్యే డైరెక్టరీలో), పేరు చివర సఫిక్స్ తగిలించి ఇన్‌స్టాల్ చేయాలి. ప్యాకేజీ పేరులో స్నాప్‌షాట్ తేదీ ఉండాలి. మూడు దశల బూట్‌స్ట్రాప్‌లో (కంపైలర్‌ని దానితోనే మళ్లీ కట్టే పద్ధతి) రెండో దశ, మూడో దశ ఆబ్జెక్ట్ ఫైళ్లు సరిపోలకపోతే దాన్ని బయటికి వదలకూడదు. సరిపోలినా టెస్ట్ సూట్ (పరీక్షల సమితి) నడపకుండా ఇవ్వకూడదు, ఎందుకంటే రెండు దశల్లోనూ ఒకేలా తప్పు చేసే కంపైలర్ ఆ పోలికలో నెగ్గేస్తుంది.

వాడేవారికీ ఒక దారి ఉంది. చేతికొచ్చిన లైబ్రరీ మీద అనుమానమొస్తే రీడెల్ఫ్ అనే సాధనంతో దాని 'కామెంట్' సెక్షన్ తెరిచి చూడండి. స్ట్రిప్ చేసి (అదనపు సమాచారం తొలగించి) తీసేయకపోతే ఏ జీసీసీతో కట్టారో వెర్షన్‌తో సహా అందులో ఉంటుంది. నంబరు చివర 0.1 కనిపిస్తే బగ్ రిపోర్టులో ఆ వరుసను యథాతథంగా అతికించండి.

– ఒక సిస్టమ్స్ ప్రోగ్రామర్