ఆర్మోరియల్ ఉద్యమం: ఈ వారం చర్చాంశం

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం చర్చకు బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు ఆర్మోరియల్ ఉద్యమాన్ని ఎంచుకున్నాను. రచయిత అరియానో సువాసునా చొరవతో 1970 అక్టోబరు 18న రెసిఫె నగరంలోని ఒక చర్చిలో కచేరీతో, కళాప్రదర్శనతో మొదలైన ఈ ఉద్యమం, సంతల్లో తాడుకు వేలాడదీసి అమ్మే చిన్న పద్యకథల పుస్తకాలను, వాటి అట్టలపై చెక్క అచ్చుతో వేసిన బొమ్మలను, రబెకా అనే పల్లె వయొలిన్ నాదాన్ని కొత్త కళకు పునాదిగా నిలిపింది.

ఈ ఉద్యమ కళాకారుల్లో ఒకరైన జిల్వాన్ సమికో చెక్క అచ్చు చిత్రాలను తప్పక చూడండి. పాములు, పక్షులు, మనుషుల రూపాలు నల్లని గీతల్లో ఇరువైపులా సమతూకంగా నిలుస్తాయి. రంగు అక్కడక్కడ మాత్రమే కనిపిస్తుంది. జానపదం నుంచి పుట్టినా ఈ ఉద్యమాన్ని ప్రధానంగా నడిపించినది చదువుకున్న నగర కళాకారులు కాబట్టి, మూల కళాకారులకు దక్కిన గౌరవం ఎంత అన్నదే మన చర్చలో ముఖ్యం కావాలని నా కోరిక.