ఆ 27వ పేజీ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గురువారం రాత్రి నుంచి ఏడో తరగతి వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ఫోటో నాకూ చేరింది. ఒక నోటు పుస్తకంలో 27వ పేజీ. "నువ్వు చెరువులో మునిగిపోయావు. కథ అయిపోయింది." బడిలో పిల్లలతో ఇలాంటివా రాయించేది అని చాలామంది అడిగారు. అవును, రాయించాం. ఆరు వారాలుగా లైబ్రరీ పీరియడ్‌లో పిల్లలు దారి ఎంచుకునే కథలు రాస్తున్నారు. పేజీ చివర రెండు దారులుంటాయి. చదివేవాళ్ళు ఒకటి ఎంచుకుని ఆ నంబరు పేజీకి వెళ్ళాలి.

ఆ 27వ పేజీకి చేరాలంటే అమ్మమ్మ వద్దన్నా చెరువు గట్టెక్కాలి, తెప్పకు చిల్లు కనిపించినా ఎక్కాలి, గొర్రెల కాపరి కేకేసినా వెనక్కి తిరగకూడదు. మూడుసార్లు తప్పించుకునే వీలిచ్చి, ఆ తర్వాతే ముంచింది ఆ కథ రాసిన అమ్మాయి. ఫోటోలో ఆ మూడు పేజీలూ లేవు. రెండు రోజులుగా పిల్ల క్లాసులో తలెత్తడం లేదు. గ్రూపులో పెట్టేముందు నాకొక్క ఫోన్ చేసి ఉంటే ఎంతో బాగుండేది.



మనలో చాలామందిమి చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళమే. బేతాళుడు ప్రశ్న అడగ్గానే పుస్తకం మూసి, విక్రమార్కుడి కంటే ముందు మన జవాబు మనం చెప్పుకునేవాళ్ళం. ఆ ఒక్క నిమిషం కథ మనది. దారి ఎంచుకునే ఈ పుస్తకాల్లో ఆ నిమిషం పేజీ పేజీకీ వస్తుంది. అమెరికాలో ఎడ్వర్డ్ ప్యాకర్డ్ అనే లాయరు రాత్రిపూట కూతుళ్ళకు కథ చెబుతూ, ముందుకు తోచక, మీరైతే ఏం చేస్తారని అడిగారట. ఇద్దరూ చెరో జవాబు చెప్పారు. ఆయన రెండూ ఉంచేశారు. అలా రాసిన పుస్తకం అచ్చయ్యేసరికి 1976 వచ్చింది. 1979లో 'ద కేవ్ ఆఫ్ టైమ్'తో మొదలైన వరుస పుస్తకాలను దేశదేశాల పిల్లలు చదివారు. వాటిలోనూ తప్పు దారి పట్టినవాళ్ళు చచ్చిపోతారు. పిల్లలు భయపడి పుస్తకం పారేయరు, పాత పేజీలో వేలు పెట్టుకుని, ఎక్కడ పొరబడ్డామో వెతుక్కుంటారు. నిండా పదమూడేళ్ళు లేని పిల్లలు తమ నిర్ణయాన్ని తామే వెనక్కెళ్ళి చూసుకోవడం మరే పాఠంలోనూ నాకు కనబడలేదు.

లెక్కలంటే వణికే ఒక అబ్బాయి సంగతి చెప్పకుండా ఉండలేను. ఐదుసార్లు ఎంచుకునే కథ మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి 1, 2, 4, 8, 16, 32 అని మార్జిన్‌లో రాసుకుని కూడితే 63 పేజీలు తేలాయి. నోటు పుస్తకంలో ఉన్నవి 40. ఎవరినీ అడగలేదు. పడవలో వెళ్ళినా, గట్టు మీద నడిచినా ఒకే మర్రిచెట్టు దగ్గరికి చేరేలా దారులు కలిపేశాడు. వాడు చార్టు మీద గీసిన ఆ దారుల బొమ్మ ఇప్పుడు మా లెక్కల మాస్టారి గదిలో ఉంది.

ఇంకొక మాట, దయచేసి ఏమీ అనుకోవద్దు. మూడు పుస్తకాల్లో పెద్దవాళ్ళ చేతిరాత ఉంది. ఒకదాంట్లో "చదువుకుంటే 12వ పేజీకి, ఆడుకుంటే 12వ పేజీకి" అని ఉంది. అక్కడ అబ్బాయి బాగా చదివి ఇంజినీరయ్యాడు. మీ ప్రేమ నాకర్థమవుతుంది. కానీ పక్కన కూర్చోండి చాలు, పెన్ను మాత్రం పిల్లల చేతిలోనే ఉండనివ్వండి.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పుస్తకాలన్నీ లైబ్రరీలో పెడుతున్నాం. ఫోన్లు గేటు దగ్గరే ఇవ్వాలి. ఆ 27వ పేజీ ఉన్న పుస్తకం మొదటి బల్ల మీద ఉంటుంది. రాసిన అమ్మాయి పక్కనే నిలబడి ఉంటుంది, మొదటి పేజీ నుంచి చదవండి.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు