మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఎందుకు తీసేస్తున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో కొత్త ఫోన్ల గురించి రాసినప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ఛార్జింగ్ ఎన్ని నిమిషాల్లో ఎక్కుతుంది అన్నీ ఉంటాయి గానీ మెమరీ కార్డు పడుతుందా లేదా అన్నది మాత్రం ఎంత వెతికినా కనబడదు. నేను మొబైల్ రిపేర్ షాపు నడుపుతాను, కార్డులు కూడా అమ్ముతాను, బేరం కోసం రాస్తున్నాడని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

బోర్డు పోయిన ఫోన్ పట్టుకొచ్చేవాళ్లు అడిగేది దాదాపు ఒకటే. "ఫోన్ పోతే పోయింది అన్నా, ఫొటోలు మాత్రం తీసిపెట్టు." ఇదివరకు కార్డు బయటికి లాగి రీడర్లో పెడితే అయిపోయేది. ఇప్పుడు అన్నీ బోర్డుకు అతికించిన చిప్‌లోనే ఉంటాయి, ఆ డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఎవరూ చదవలేని రూపంలో ఉంటుంది, దాన్ని విప్పే కీ ఆ ఫోన్ ప్రాసెసర్ దగ్గరే ఉంటుంది, కాబట్టి చిప్‌ను ఊడదీసి ఇంకో బోర్డు మీద వేసినా లాభం లేదు. చచ్చిన బోర్డునే ఎలాగోలా బతికించాలి, లేదంటే ఫొటోల మీద ఆశ వదులుకోవాలి. దొంగ చేతిలో పడ్డా మన ఫొటోలు చూడలేడు కాబట్టి ఆ ఏర్పాటు మంచిదే, కాదనను. కానీ అది పెట్టినప్పుడు రెండో కాపీ దాచుకునే దారి కూడా ఫోన్లోనే ఉంచాలి కదా.

క్లౌడ్ ఉందిగా, నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్లలో దాచుకోవచ్చుగా అంటారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి జీమెయిల్ ఐడీ పెట్టింది ఫోన్ అమ్మిన షాపు కుర్రాడు. పాస్‌వర్డ్ అంటే పేరు పక్కన 123, అది కూడా డబ్బా మీద పెన్నుతో రాసి ఇస్తాడు, ఆ డబ్బా కాస్తా దసరాకి ఇల్లు సర్దినప్పుడు పాత సామాన్లవాడికి పోతుంది. ఈలోగా రీఛార్జ్ చేయించక పాత నంబరు ఆగిపోయి వేరేవాళ్లకు వెళ్లిపోయి ఉంటుంది, ఓటీపీ వాళ్లకు పోతుంది. ఫొటోలు ఎక్కడో భద్రంగానే ఉంటాయి, మనల్నే లోపలికి రానివ్వదు. రెండేళ్లు ఎవరూ వాడని అకౌంట్లు తీసేస్తామని గూగుల్ 2023 మేలోనే చెప్పింది, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది కూడా. ఫోన్ మార్చినప్పుడల్లా కొత్త ఐడీ పెట్టించుకునే మనవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఉచితం అన్నది కూడా ఎన్నాళ్లో నిలవలేదు. గూగుల్ ఫొటోస్‌లో కాస్త క్వాలిటీ తగ్గించి ఎన్నైనా దాచుకోండి అన్నారు, జనం అలవాటు పడ్డాక 2021 జూన్ 1 నుంచి కొత్తగా పెట్టేవన్నీ, మెయిళ్లతో కలిపి ఊరికే ఇచ్చే 15 జీబీ లెక్కలో కలిపేశారు. తర్వాత ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్‌నీ అందులోనే కలిపారు, అంటే పొద్దున్నే బంధువుల గ్రూపులో వచ్చే గుడ్‌మార్నింగ్ పూలు కూడా మన కోటాలోవే. అది నిండితే మెయిళ్లు రావడం ఆగిపోతుందని చాలామందికి తెలియదు, ఉద్యోగాలకు అప్లై చేసి కాల్ లెటర్ కోసం చూసే పిల్లలు ముందు ఆ కోటా సంగతి చూసుకోవాలి. ఐఫోన్లవాళ్ల ఐక్లౌడ్ అయితే ఊరికే ఇచ్చేది 5 జీబీయే. పైగా నెట్ ఉంటేనే ఇదంతా. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ ఆపేశారు, సర్టిఫికెట్లు క్లౌడ్‌లో మాత్రమే పెట్టుకున్నవాడు ఆ రోజుల్లో ఏం తెరుచుకోగలడు?

కార్డు పెట్టే స్లాట్ తీసేయడానికి కంపెనీలు చెప్పే కారణాలు రెండు. స్లాట్ ఉంటే నీళ్లు చేరతాయంటారు, మరి 2016లో వచ్చిన శాంసంగ్ ఎస్7లో కార్డు స్లాటూ ఉంది, నీళ్లను తట్టుకునే ఐపీ68 రేటింగూ ఉంది. అంతకుముందు ఏడాది ఎస్6లో స్లాట్ తీసేస్తే జనం గోల పెట్టారు, అందుకే మళ్లీ పెట్టారు, మళ్లీ 2021లో ఎస్21తో తీసేశారు. సిమ్ ట్రే ఎలాగూ ఉంది, ఆ సందు ఎటూ మూసేది కాదు. ఇక స్పీడు. ఫోన్లలో వాడే కార్డు సెకనుకు వంద ఎంబీ అటూ ఇటూ, లోపలి చిప్ మంచి ఫోన్లలో అంతకు పది రెట్లు పైనే, నిజమే. పెళ్లి వీడియో దాచుకోవడానికి అంత స్పీడు దేనికి? 128 జీబీ ఫోన్‌కీ 256 జీబీ ఫోన్‌కీ మధ్య ధరలో ఉండే తేడా చూడండి, అసలు సంగతి అర్థమవుతుంది.

కార్డు గొప్పదని నేను అనడం లేదు. 512 జీబీ అని రాసి కారుచౌకగా అమ్మే నకిలీలు మార్కెట్లో బోలెడు, లోపల చిన్న చిప్ పెట్టి ఫోన్‌కు పెద్ద సైజు చూపించేలా చేస్తారు, నిండాక కొత్త ఫొటో పాతదాని మీద పడుతుంది. కొన్న వెంటనే కంప్యూటర్లో పూర్తిగా నింపి, తిరిగి చదివి చూడాలి, దానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఫ్రీ ప్రోగ్రాం ఉంది. ఇంకొకటి, కార్డు పెట్టగానే కొన్ని ఫోన్లు "ఇంటర్నల్ స్టోరేజ్‌గా వాడమంటారా" అని అడుగుతాయి. ఔనని నొక్కారంటే ఆ కార్డు ఆ ఒక్క ఫోన్లో తప్ప ఇంకెక్కడా చదవదు, మళ్లీ నా కౌంటర్ దగ్గరికే వస్తారు. పోర్టబుల్ అని ఎంచుకోండి.

మీరైనా ఇకనుంచి ఏ ఫోన్ గురించి రాసినా ధర పక్కనే స్లాట్ ఉందో లేదో వేయండి. ఉంటే అది విడిగా ఉందా, రెండో సిమ్ తీసేస్తేనే కార్డు పడుతుందా అన్నది కూడా వేయండి, రెండు సిమ్‌లు వాడేవాడికి అలాంటి స్లాట్ ఉన్నా లేనట్టే.

ఇట్లు,
ఒక మొబైల్ మెకానిక్, తెనాలి