బాపుకు, లివర్‌పూల్ నుంచి

బాపూ,

చిన్నోడి విషయంలో నువ్వు ఇంకా మెత్తబడలేదని అమ్మ చెప్పింది. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ క్లబ్ సెలక్షన్‌కు పంపమని వాడి కోచ్ సారు ఇంటికొచ్చి అడిగాడట. డిగ్రీ అయ్యేదాకా ఆ మాట ఎత్తొద్దని నువ్వు పంపించేశావట. ఫోన్‌లో ఈ సంగతి మొదలుపెడితే ఐదు నిమిషాలకే మన ఇద్దరి గొంతులూ పెరుగుతాయి. అందుకే కాగితం మీద రాస్తున్నా. సెకండ్ షిఫ్టు ఉన్న రోజు పొద్దున, చాయ్ తాగుతూ తీరిగ్గా చదువు.

నీ భయంలో న్యాయం ఉంది. ఆట అన్నం పెడుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. మోకాలు ఒక్కసారి తిరిగితే ఏమవుతుందో నర్సుగా రోజూ చూస్తున్నా. అయినా ఈ ఊళ్ళో ఆడి, ఈ ఊళ్ళోనే ముసలివాడైపోయిన ఒకాయన గురించి నీకు చెప్పాలి. ఆయన తండ్రి కూడా నీలాగే బొగ్గుబాయిలో దిగినవాడు.

ఆయన పేరు బిల్లీ లిడెల్. 1922 జనవరి 10న స్కాట్లాండ్‌లో డన్‌ఫర్మ్‌లిన్ పక్కన టౌన్‌హిల్ అనే ఊళ్ళో పుట్టాడు. అది ఫైఫ్ ప్రాంతం. మన గోదావరిఖనిలాగే బొగ్గు మీద బతికిన నేల, ఇప్పుడు అక్కడి బాయిలన్నీ మూతపడ్డాయి. ఆరుగురు పిల్లల్లో ఈయనే పెద్దవాడు. ఆ కాలంలో స్కాట్లాండ్ బొగ్గు ఊళ్ళ నుంచి ఫుట్‌బాల్‌లోకి వచ్చినవాళ్ళ పేర్లు వింటే ఆశ్చర్యపోతావు. మాంచెస్టర్ యునైటెడ్‌ను నిలబెట్టిన మాట్ బస్బీ, లివర్‌పూల్‌ను నిలబెట్టిన బిల్ షాంక్లీ, సెల్టిక్‌కు యూరోపియన్ కప్ తెచ్చిన జాక్ స్టీన్, ముగ్గురూ కుర్రతనంలో బాయిలో పనిచేసినవాళ్ళే. లిడెల్ మాత్రం బాయిలో దిగలేదు. ఇంట్లోవాళ్ళు ఆయన్ను చదువు వైపు, లెక్కల వైపు పెట్టారు.

1938లో ఆయనకు 16 ఏళ్ళు. ఊరి దగ్గర ఆడుతుంటే ఆ కబురు బస్బీ దాకా పోయింది. అప్పట్లో బస్బీ ఇంకా లివర్‌పూల్ జట్టులో ఆటగాడే. ఆయన మేనేజర్ జార్జ్ కే చెవిన వేశాడు, క్లబ్ వాళ్ళు టౌన్‌హిల్‌కు మనిషిని పంపారు. ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా చదువు బాపూ. తల్లిదండ్రులు ఎగిరి గంతేయలేదు. వద్దనీ అనలేదు. మా వాడి అకౌంటెన్సీ చదువు ఆగకూడదు, ఉండటానికి మంచి ఇల్లు చూపించాలి అని షరతులు పెట్టారు. పదహారేళ్ళ పిల్లవాడి కోసం అంత పెద్ద క్లబ్ ఆ షరతులకు తలూపింది. మరుసటి సంవత్సరం 1939లో వారానికి 3 పౌండ్ల జీతంతో ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇచ్చింది.

ఆ మాట కాగితం మీదే ఉండిపోలేదు. లిడెల్ అకౌంటెంట్ అయ్యాడు. ఇంగ్లండ్‌లో ప్రతి పిల్లవాడికీ పేరు తెలిసిన ఆటగాడిగా ఉన్న రోజుల్లో కూడా ఆఫీసుకు వెళ్ళి లెక్కలు రాసుకునేవాడు. మిగతావాళ్ళు రోజూ ట్రైనింగ్‌కు వస్తే, ఈయన ఆఫీసు చూసుకొని వారంలో వీలైన రోజుల్లో వచ్చేవాడు. మ్యాచ్ ఉండే శనివారం వచ్చేసరికి జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తేది ఆయనే.

ఆఫీసు ఎందుకు మానలేదంటావేమో. ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో ఆటగాడి జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. ఎంత గొప్పవాడైనా అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదు. 1947లో సీజన్ నడుస్తున్నప్పుడు వారానికి 12 పౌండ్లు, 1958 నాటికి పెరిగి పెరిగి 20. ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో యాభై వేల మంది టికెట్ కొని చూసినా ఆటగాడి చేతికి అంతే. ఆ పరిమితి 1961 జనవరిలో ఎత్తేశారు. లిడెల్ క్లబ్‌కు చివరి మ్యాచ్ ఆడింది 1960 ఆగస్టులో. తన ఆటకు తగిన డబ్బు ఆయన జీవితంలో ఒక్క వారం కూడా చూడలేదు. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు బాగాలేదు. కానీ అమ్మానాన్నలు పట్టుబట్టి నేర్పించిన లెక్కలు ఉన్నాయి కాబట్టి ఆయన ఇల్లు ఏనాడూ తడబడలేదు.

ఆట సంగతి కూడా చెప్పాలి కదా. చిన్నోడికి చదివి వినిపించు, వాడికి ఇదే ఇష్టం.

కాంట్రాక్టు ఇచ్చిన ఏడాదే యుద్ధం వచ్చింది. లీగ్ ఆగిపోయింది. లిడెల్ వైమానిక దళంలో నావిగేటర్‌గా చేరాడు. మధ్య మధ్యలో సెలవు దొరికినప్పుడు యుద్ధకాలపు మ్యాచ్‌లు ఆడేవాడు. 1942లో గ్లాస్గో హాంప్‌డెన్ పార్క్‌లో స్కాట్లాండ్ తరఫున మొదటిసారి ఆడి ఇంగ్లండ్ మీద గోల్ కొట్టాడు. స్కాట్లాండ్ 5-4తో గెలిచింది. లివర్‌పూల్‌కు అధికారికంగా మొదటి మ్యాచ్ ఆడేసరికి 1946 జనవరి వచ్చింది. ఎఫ్‌ఏ కప్‌లో, అంటే ఓడితే ఇంటికే అన్న ఇంగ్లండ్ క్లబ్బుల పోటీలో, చెస్టర్ మీద ఆడాడు, గోల్ కూడా కొట్టాడు. 24 నిండటానికి ఇంకా ఐదు రోజులు. ఆటగాడికి బంగారంలాంటి వయసు, 17 నుంచి 23 దాకా, యుద్ధానికే పోయింది.

ఆ తర్వాతి సీజన్‌లోనే, 1946-47లో, లివర్‌పూల్ లీగ్ గెలిచింది. ఆ శీతాకాలం మంచు ఎంత పడిందంటే మ్యాచ్‌లు వాయిదా పడీ పడీ సీజన్ జూన్ దాకా సాగింది. గడ్డకట్టిన నేల మీద బర్మింగ్‌హామ్ సిటీతో కప్ మ్యాచ్. ఎడమ వైపు నుంచి లిడెల్ బంతిని పంపితే జట్టులోని ఆల్బర్ట్ స్టబ్బిన్స్ నేలకు కొంచెం ఎత్తులో గాల్లోకి దూకి తలతో కొట్టాడు. ఆ గోల్ గురించి ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే 1947 మేలో బ్రిటన్ జట్టు, మిగతా యూరప్ జట్టు హాంప్‌డెన్‌లో తలపడితే బ్రిటన్ 6-1తో గెలిచింది. 1955లో బెల్‌ఫాస్ట్‌లో మళ్ళీ అలాంటి మ్యాచ్ పెట్టారు, ఈసారి బ్రిటన్ 4-1తో ఓడింది. ఆ రెండింటిలోనూ ఆడినవాళ్ళు ఇద్దరే: స్టాన్లీ మాథ్యూస్, బిల్లీ లిడెల్.

1950లో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్‌లో సొంత ఊరి ప్రత్యర్థి ఎవర్టన్ మీద గోల్ కొట్టి జట్టును ఫైనల్ జరిగే వెంబ్లీ స్టేడియానికి తీసుకెళ్ళాడు. ఫైనల్లో ఆర్సెనల్ 2-0తో ఓడించింది. ఆ కప్పు ఆయనకు ఎప్పటికీ దక్కలేదు. అదే సంవత్సరం కొలంబియా నుంచి పిలుపొచ్చింది. అక్కడి క్లబ్బులు జీతాల పరిమితిని లెక్కచేయకుండా బ్రిటన్ ఆటగాళ్ళకు పెద్ద మొత్తాలు ఇస్తున్నాయి, కొందరు వెళ్ళారు కూడా. లిడెల్ వెళ్ళనన్నాడు.

1954లో లివర్‌పూల్ పట్టికలో అట్టడుగుకు పడి రెండో డివిజన్‌కు దిగిపోయింది. అప్పుడు కూడా ఆయన వదిలి పోలేదు. వింగ్‌లో, అంటే మైదానం అంచున ఆడే మనిషిని గోల్ ఎదురుగా ఆడే సెంటర్ ఫార్వర్డ్‌గా తెచ్చారు, ఆ మరుసటి సీజన్‌లో లీగ్‌లోనే 30 గోల్స్ కొట్టాడు. జట్టు మొత్తం ఈయన భుజాల మీదే నడుస్తోందని జనం ఊరి పేరునే మార్చి లిడెల్‌పూల్ అనేవారు.

మా కింది ఇంట్లో ఉండే పెద్దాయన చిన్నప్పుడు ఆ మ్యాచ్‌లు చూశాడు. స్టేడియంలో పిల్లలకు విడిగా ఒక కటకటాల మూల ఉండేదట, అక్కడ నిలబడి చూసేవాడట. లిడెల్ పేరు ఎత్తితే గోల్స్ గురించి తర్వాత చెప్తాడు, ముందు 1956 ఫిబ్రవరి మ్యాచ్ గురించి చెప్తాడు. ఎఫ్‌ఏ కప్, మాంచెస్టర్ సిటీతో రీప్లే, అంటే మొదటి మ్యాచ్ సమానమైతే మళ్ళీ ఆడేది. లివర్‌పూల్ 2-1తో వెనకబడి ఉంది. ఆఖరి క్షణంలో లిడెల్ బంతితో దూసుకెళ్ళి కొట్టాడు, బంతి వలలో పడింది. స్టేడియం ఊగిపోయింది. కానీ బంతి లోపలికి పోకముందే టైమ్ అయిపోయిందని, తాను విజిల్ వేశానని రిఫరీ చెప్పాడు. ఆ హోరులో విజిల్ ఎవరికి వినబడుతుంది? లిడెల్ గొడవపడలేదు. రిఫరీ మాట మీద మైదానం వదిలాడు. సిటీ ముందుకు పోయి ఆ ఏడాది కప్పు గెలిచింది. ఆ రోజు తాను ఏడ్చుకుంటూ ఇంటికి పోయానని పెద్దాయన చెప్తుంటే ఇప్పటికీ ఆయన ముఖం ఎర్రబడుతుంది.

నాకు మాత్రం ఆ గోల్ కంటే, గొడవపడకుండా వెనక్కి తిరిగిన మనిషి ఎక్కువ నచ్చాడు. మందు, సిగరెట్ ముట్టలేదు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేవాడు, పేద పిల్లల క్లబ్బుల్లో పనిచేసేవాడు. 1958లో, ఇంకా ఆడుతుండగానే, ఈ ఊరికి మేజిస్ట్రేట్‌గా నియమించారు. వీధిలో జనం ఆయన్ను నమ్మేవాళ్ళు, అది గోల్స్ కొడితే వచ్చే నమ్మకం కాదు.

షాంక్లీ మేనేజర్‌గా వచ్చింది 1959 డిసెంబరులో. అప్పటికి లిడెల్‌కు 37 దాటాయి. 1960 మార్చిలో స్టోక్ సిటీ మీద గోల్ కొట్టినప్పుడు వయసు 38 ఏళ్ళ 55 రోజులు. ఆ వయసులో లివర్‌పూల్‌కు గోల్ కొట్టినవాడు క్లబ్ చరిత్రలో ఇంకొకరు లేరు. మొత్తం 534 మ్యాచ్‌లు, 228 గోల్స్. స్కాట్లాండ్‌కు 28 మ్యాచ్‌లు. మన చిన్నోడు గోడ మీద బొమ్మ అంటించుకున్న సలా ఉన్నాడే, ఆయన ఈ 228ని దాటింది 2024-25 సీజన్‌లో. అది కూడా చెప్పు వాడికి. 1960 సెప్టెంబరులో లిడెల్ గౌరవార్థం మ్యాచ్ పెడితే దాదాపు 39 వేల మంది వచ్చారు.

ఆట ఆగిపోయాక చాలామంది ఆటగాళ్ళు ఏం చేయాలో తెలియక దెబ్బతిన్నారు. ఈయనకు ఆ టెన్షన్ లేదు. లివర్‌పూల్ యూనివర్సిటీలో లెక్కలు, డబ్బు వ్యవహారాలు చూసే ఉద్యోగంలో చేరి రిటైరయ్యేదాకా చేశాడు. చివరి రోజుల్లో పార్కిన్సన్స్ జబ్బు పట్టింది. 2001 జులైలో, 79 ఏళ్ళ వయసులో పోయాడు. 2004లో ఆయన భార్య చేతుల మీదుగా ఆన్‌ఫీల్డ్‌లో ఆయన పేరు మీద ఫలకం పెట్టారు. డ్యూటీ లేని రోజు వెళ్ళి చూసి వచ్చాను.

ఇదంతా స్కాట్లాండ్ వాళ్ళ కథ, మనకెందుకు అనకు బాపూ. మన దగ్గరా ఇలాగే నడిచింది. కోచ్ రహీం సారు తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ అనే పెద్ద టోర్నీ గెలిచింది. ఆ ఆటగాళ్ళకు పోలీసు ఉద్యోగం ఉండేది. రహీం సారు స్వయంగా బడి పంతులు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. చేతిలో ఒక పని పెట్టుకొని ఆడటం మనకు కొత్త సంగతి కాదు.

ఈ రోజుల్లో పెద్ద క్లబ్బులో ఆడుతూ ఆఫీసుకు పోవడం కుదరదు, నాకూ తెలుసు. కానీ వాడిప్పుడు పెద్ద క్లబ్బులో లేడు. సెలక్షన్‌కు పిలిచారు, అంతే. కాబట్టి టౌన్‌హిల్‌లో ఆ తల్లిదండ్రులు ఏం చేశారో నువ్వూ అదే చెయ్యి. వద్దనకు, షరతు పెట్టు. బీకాం ఆగకూడదు. హైదరాబాద్‌లో ఉంటే అక్కడి కాలేజీకి మార్చుకోవాలి, పరీక్ష ఒక్కటి తప్పినా తిరిగి రావాలి. ఉండేది మన పెద్దమ్మ ఇంట్లోనే, దోస్తుల రూముల్లో కాదు. కోచ్ సారును ఇంటికి పిలిచి ఇవన్నీ ఆయన ఎదుటే చెప్పు. నువ్వు బాయిలో సర్దార్‌గా ఇరవై మందిని పని చేయించే మనిషివి, నీ మాట ఆయన వింటాడు.

ఖర్చు సంగతి నువ్వు పెట్టుకోకు. ఫీజు, బస్సు, బూట్లు నేను చూసుకుంటా. నీ పీఎఫ్ డబ్బులు ముట్టొద్దు, అవి నీ మోకాళ్ళకు, అమ్మ షుగర్‌కు ఉండాలి. చిన్నోడితో నేను విడిగా మాట్లాడతా. షరతులకు ఒప్పుకోకపోతే నేనూ నీ వైపే.

సెలక్షన్ వచ్చే నెల రెండో వారంలోనట. ఆలోపు కోచ్ సారుతో మాట్లాడి, ఏమనుకున్నావో ఒక్క ముక్క రాయించి పంపు. అమ్మను టాబ్లెట్లు తిన్నాకే వేసుకోమను, పరగడుపున వేసుకుంటోందని చిన్నోడు చెప్పాడు.

నీ బిడ్డ