ఊదా సిరా అంటిన వేళ్లు

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? సైన్స్ ఫిక్షన్‌లో కవిత్వం ఎవడు రాస్తాడు, రాసినా ఎవడు వేస్తాడు అని అడిగావు కదా. వారం రోజులుగా నా బుర్రలో అదే తిరుగుతోంది.

ఎవరూ వెయ్యకపోతే అభిమానులు తామే వేసుకున్నారు రా! 1926లో అమెరికాలో మొదలైన 'అమేజింగ్ స్టోరీస్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా అచ్చేసేది. దాంతో వాళ్లు ఒకళ్లకొకళ్లు రాసుకుని, క్లబ్బులు కట్టి, 1930 మేలో 'ది కామెట్' అని సొంత పత్రిక తెచ్చారు. ఇలా అభిమానులు తెచ్చే పత్రికకి ఫ్యాన్‌జీన్ అన్న మాట 1940లో గానీ పుట్టలేదు.

వాళ్లు కాపీలు తీసిన పద్ధతి వింటే నీకు ముచ్చటేస్తుంది. హెక్టోగ్రాఫ్ అంటారు. జెలటిన్, గ్లిజరిన్ కలిపి పళ్లెంలో పోస్తే జున్నులా గడ్డకడుతుంది. ఊదా సిరాతో రాసిన కాగితాన్ని దానిమీద బోర్లిస్తే అక్షరాలు అందులోకి దిగుతాయి. ఇక తెల్లకాగితాలు ఒక్కొక్కటే పరిచి, అరచేత్తో నిమిరి తియ్యడమే. తీసేకొద్దీ సిరా పలచబడుతుంది. యాభై కాపీలు వస్తే గొప్ప. అంటే కవికి తన పాఠకులు పేరుపేరునా తెలుసన్నమాట! నాకు ఇందులో బాగా నచ్చింది అదే.

ఎక్కువ కావాలంటే మిమియోగ్రాఫ్, అదే, స్టెన్సిల్ పెట్టి కాపీలు తీసే మన సైక్లోస్టైల్ లాంటిది. కాలేజీ పత్రికకి స్టెన్సిల్ కట్ చేస్తూ నేను తప్పు కొడితే, పూసిన ఫ్లూయిడ్ ఆరేదాకా నువ్వు పక్కన కూర్చుని ఊదేవాడివి, గుర్తుందా? తర్వాత పెద్ద సైన్స్ ఫిక్షన్ రచయిత అయిన రే బ్రాడ్‌బరీ కూడా పద్దెనిమిదేళ్లకే, 1939లో, 'ఫ్యూచూరియా ఫాంటేసియా' అనే ఫ్యాన్‌జీన్ తెచ్చాడు. నాలుగు సంచికలే వచ్చాయి. మొదటిదాంట్లో తన కవిత కూడా వేసుకున్నాడు. సైన్స్ ఫిక్షన్ కవులకంటూ ప్రత్యేకంగా సంఘం రావడానికి మాత్రం 1978 దాకా ఆగాల్సి వచ్చింది. సుజెట్ హేడెన్ ఎల్జిన్ అనే అమెరికన్ రచయిత్రి పెట్టారు. వాళ్లిచ్చే రైస్లింగ్ అవార్డుకి ఒక కథలోని గుడ్డి కవి పేరు పెట్టారు. అంతరిక్షంలో తిరుగుతూ పాటలు కట్టేవాడట!

ఇంకోటి. చాలా ఫ్యాన్‌జీన్లకి చందా డబ్బుల్లోనే కట్టాలని లేదు. చదివి ఉత్తరం రాస్తే తర్వాతి సంచిక వచ్చేది, లేదా నీ పత్రిక పంపితే వాళ్లది వచ్చేది.

నేనూ ఒకటి తెద్దామనుకుంటున్నాను బావా. తెలుగులో, పదహారు పేజీలు, సరిగ్గా యాభై కాపీలు. తోకచుక్క మీద నువ్వు రాసి దాచుకున్న కవిత ఉంది చూడు, అది మొదటి పేజీకి కావాలి. దిద్దకుండా అలాగే పంపు. నీ చందా కింద పెద్ద ఉత్తరం రాయి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ