ఆ పగడాల మీద నడక ఆపించండి

సంపాదకుల వారికి,

సంక్రాంతి సెలవుల్లో కుటుంబంతో అండమాన్‌లోని నీల్ దీవికి వెళ్లొచ్చాం. 2018లో షహీద్ ద్వీప్ అని పేరు మార్చినా మాకు కనిపించినవాళ్లంతా ఇంకా నీల్ అనే అంటున్నారు. పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం నుంచి ఓడలో సుమారు రెండు గంటలు. కొబ్బరి చెట్లు, కూరగాయల మళ్లు, ఎప్పుడో 1960ల్లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలు. సీతాపూర్ ఒడ్డున తెల్లవారుజామున కూర్చుంటే అలల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆ చోటు మీద అంత ఇష్టం కలిగింది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది. సముద్రం వెనక్కి తీసినప్పుడే అక్కడికి నడిచి వెళ్లాలి. దారిలో రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. బతికున్న పగడాలు ఉండేది ఆ గుంటల్లోనే. తెలియనివాళ్లకి అవీ రాళ్లలాగే కనిపిస్తాయి. మా ముందు వెళ్తున్నవాళ్లు చెప్పులతో వాటి మీదే అడుగులేశారు. పట్‌మని ఒక కొమ్మ విరిగింది. వంగి చూస్తే విరిగిన చోట తెల్లగా సున్నంలా ఉంది. పగడాల్లో ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగని రకాలున్నాయి. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పాలిపోయాయి. ఆ దెబ్బకి తోడు మన కాళ్లు కూడానా!

ఒక గైడ్ అయితే సముద్ర దోసకాయ అనే మెత్తటి జీవిని పైకి తీసి ఒక పిల్లాడి చేతిలో పెట్టాడు. అది చిమ్మున నీళ్లు కక్కింది. అందరూ సెల్ఫీలు దిగి, దాన్ని ఎండలో రాతి మీద వదిలేసి వెళ్లిపోయారు. మా అమ్మాయి తీసి మళ్లీ గుంటలో వేసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఈ జీవీ, ఆ పగడాలూ ఉన్నాయని ఆ గైడ్‌కి ఎవరైనా చెప్పారో లేదో!

ఆటుపోట్ల వేళలు ముందే తెలుస్తాయి. నీరు తీసే ఆ కొద్ది గంటలైనా అక్కడ ఒక మనిషిని పెట్టి, నడవాల్సిన దారికి తాడు కట్టించాలని అండమాన్ పాలనా యంత్రాంగాన్ని కోరుతున్నాను. అందుకోసం టికెట్ పెట్టినా సంతోషంగా కొంటాం. హైదరాబాద్, విశాఖ నుంచి ప్యాకేజీలు నడిపే ట్రావెల్స్ వాళ్లకి కూడా ఒక మనవి. భోజనం ఎక్కడ, ఓడ ఎన్నింటికి అని చెప్పేటప్పుడే, ఏ రాయి మీద కాలు పెట్టకూడదో కూడా తెలుగులో చెప్పండి.

— ఒక పాఠకురాలు, కాకినాడ